టైపక్క కంప్యూటర్ బాగుపడింది

కోర్టు గేటుకి ఎదురుగా లాయర్ల ఆఫీసులున్న మేడ ఒకటుంది. ఆ మేడ మెట్ల కింద ఒక గది ఉంది. గది అనడం మర్యాద కోసమే. మెట్లు కట్టగా మిగిలిన చోటుకి ఎవరో తలుపు బిగించారు, అంతే. లోపలికి వచ్చేవాళ్ళు తల వంచుకుని రావాలి, లేచేటప్పుడు మరీ జాగ్రత్తగా లేవాలి. అందులో ఒక బల్ల, మూడు కుర్చీలు, ఒక ప్రింటర్, ఒక చిన్న కంప్యూటర్, దాని వెనకాల టైపక్క.

టైపక్కకి తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది. దాన్ని ఆవిడ సంతకానికి తప్ప వాడదు. పాతికేళ్ళ కిందట టకటకలాడే టైపు మెషిన్‌తో ఆ మెట్ల కింద చేరింది. బల్ల మీద సరుకు మారింది గానీ, పేరు మారలేదు.

ఆవిడ పని అర్జీలు టైపు చెయ్యడం. ముఖ్యంగా ఒక రకం అర్జీలు: మొగుడూ పెళ్ళాలు ఇద్దరూ ఒప్పుకుని, ఏ గొడవా లేకుండా విడిపోతామని కోర్టుకి పెట్టుకునేవి. ఏ గొడవా లేకుండా ఉండగలిగితే విడిపోవడం దేనికని అడక్కండి, అర్జీలో అలాగే రాయాలి. మేడమీద లాయరుగారు ఈ రకం కేసులకి పెట్టింది పేరు. జంటతో అరగంట మాట్లాడి, "కిందికెళ్ళి టైపు చేయించుకుని, సంతకాలు పెట్టి పట్టుకురండి" అని మెట్లు దింపేవాడు.

దిగినవాళ్ళు మళ్ళీ ఎప్పుడు ఎక్కుతారో ఆ పైవాడికి కూడా తెలిసేది కాదు. పైవాడంటే లాయరే.

ఎందుకంటే టైపక్క కంప్యూటర్ అలాంటిది. రెండు లావుపాటి పుస్తకాలు ఒకదానిమీద ఒకటి పెడితే ఎంతుంటుందో అంతే ఉంటుంది, కానీ దాని బింకం అంతా ఇంతా కాదు. మీట నొక్కితే ముందు ఒక దీపం వెలుగుతుంది. తర్వాత లోపల ఎవరో గులకరాళ్ళు కడుగుతున్నట్టు చప్పుడు మొదలవుతుంది. తెరమీద చుక్కలు గుండ్రంగా తిరుగుతాయి. అలా ఇరవై అయిదు నిమిషాలు తిరుగుతాయి. తర్వాత అర్జీ నమూనా తెరవడానికి పదినిమిషాలు, అచ్చు వెయ్యమంటే ఆలోచించుకోవడానికి ఇంకో పది. ఈలోగా మెషిన్‌కి కోపమొస్తే మళ్ళీ మొదటికి.

పొద్దున్న ఒకసారి పెట్టి సాయంత్రం దాకా ఉంచేస్తే ఈ గోల ఉండదు కదా అంటారా? ఉండదు. కానీ టైపక్కకి ఒక నియమం ఉంది. చాలా ఏళ్ళ కిందట ఆవిడ పాత అర్జీ తెరిచి, అందులోనే కొత్త పేర్లు పెడుతూ, మూడో పేజీలో పాత మొగుడి పేరు మార్చడం మర్చిపోయింది. జడ్జిగారు చదువుతూ చదువుతూ ఆగి, "ఈ మూడో మనిషి ఎవరు?" అని అడిగారు. అసలు మొగుడు పెళ్ళాం వైపు చూశాడు. అప్పటిదాకా ఏ గొడవా లేని కేసు కాస్తా మూడేళ్ళు నడిచింది. ఆ రోజునుంచి టైపక్క ఒక అర్జీ పూర్తవగానే మెషిన్ ఆపేస్తుంది. తర్వాతి జంట వచ్చి కుర్చీల్లో కూర్చున్నాకే మళ్ళీ మీట నొక్కుతుంది. ఆపితే పాత పేర్లు కడిగినట్టు పోతాయని ఆవిడ నమ్మకం. అలా పోవని వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే స్క్రూ మాస్టారు ఎన్నిసార్లు చెప్పినా చెవిన పెట్టలేదు.

చుక్కలు తిరుగుతున్నంతసేపూ టైపక్క ఊరికే కూర్చునే మనిషి కాదు. ఉపన్యాసం చెప్పేది. సంసారం గురించి, సర్దుకుపోవడం గురించి, తన తల్లి ఎలా సర్దుకుపోయింది, తను ఎలా సర్దుకుపోతోంది, ఇప్పటివాళ్ళు ఎందుకు సర్దుకుపోవడం లేదు, ఇలా వరసగా. ఇంట్లో ఈ మాటలు వినే భాగ్యం ఆవిడ భర్తకి లేదు. ఆయన రెండో వాక్యానికే నిద్రపోగల అదృష్టవంతుడు. కాబట్టి సరుకంతా మెట్ల కిందే ఖర్చయ్యేది.

కిందటి నెల ఒక బ్యాంకు గుమాస్తా, ఆయన భార్య వచ్చారు. కుర్చీలు దగ్గర దగ్గరగా ఉండక తప్పదు, గది అంతే. అయినా ఇద్దరూ చెరో గోడకీ అతుక్కుని కూర్చున్నారు. టైపక్క మీట నొక్కి అందుకుంది. పావుగంటయింది. గులకరాళ్ళు కడుగుతున్న చప్పుడు వస్తూనే ఉంది. టైపక్క తన పెద్ద మేనత్త సర్దుకుపోయిన విధానం దగ్గరికి వచ్చింది. గుమాస్తా భార్యకేసి చూడకుండానే మెల్లిగా అన్నాడు.

"ఇది మొదలయ్యేలా లేదు, ఈవిడ ఆపేలా లేదు."

భార్య చేత్తో నోరు మూసుకుంది. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందనుకుని టైపక్క గొంతు ఇంకా తగ్గించి, ఇంకా ఆర్ద్రంగా మేనత్తని కొనసాగించింది. దాంతో గుమాస్తా కూడా తల దించేసుకున్నాడు. కాసేపటికి ఇద్దరూ కళ్ళు తుడుచుకుంటూ, "టీ తాగి వస్తామండీ" అని లేచారు. లేస్తూ మెట్టుకి తల తగలబోతే, "జాగ్రత్త" అని ఆవిడ ఆయన నెత్తిమీద చెయ్యి అడ్డం పెట్టింది. టీకి వెళ్ళినవాళ్ళు మరి తిరిగి రాలేదు.

"ముప్ఫై ఏడు" అనుకుంది టైపక్క. తన మాట మహిమతో నిలబెట్టిన కాపురాల లెక్క అది. కంప్యూటరే సరిగ్గా ఉండి, ఆ గరగరలు మధ్యలో అడ్డం రాకపోతే, ఈపాటికి వంద దాటేదని ఆవిడ గట్టి అభిప్రాయం.

మేడమీద లాయరుది వేరే అభిప్రాయం.

"అమ్మా, నేను కిందికి పంపిన జంటల్లో సగం మంది గాల్లో కలిసిపోతున్నారు" అన్నాడొకరోజు మెట్లు దిగి వచ్చి. "ఏమన్నా అంటే మెషిన్ అంటావు. ఎదురుగా కొత్త షాపు పెట్టి ఏడాదైంది. అక్కడ పది నిమిషాల్లో చేసి చేతిలో పెడుతున్నాడు. సోమవారానికి నీ డబ్బా బాగుపడకపోతే, ఇకనుంచి అందర్నీ అటే పంపిస్తాను. తర్వాత నన్నేమీ అనుకోకు."

టైపక్క దానికి పెద్దగా బెంగ పెట్టుకోలేదు. అంతకంటే పెద్ద బెంగ అప్పటికే గుండెమీద కూర్చుని ఉంది.

ఆవిడ తమ్ముడూ, మరదలూ విడిపోతున్నారు.

తమ్ముడు ఆవిడకంటే పదకొండేళ్ళు చిన్న. తల్లి పోయాక వాడికి తల దువ్వింది, లెక్కలు చెప్పింది, నాలుగు తగిలించింది అంతా టైపక్కే. మరదల్ని వాడికి చూసి, నచ్చజెప్పి, ముడిపెట్టిందీ ఆవిడే. తొమ్మిదేళ్ళు బాగానే ఉన్నారు. ఇల్లు మారినప్పుడు మంచం కిటికీవైపు వెయ్యాలా గోడవైపు వెయ్యాలా అన్నదగ్గర మొదలైంది. అక్కణ్ణుంచి ఎవరు ఎప్పుడు ఎవరిమాట విన్నారన్నదాకా పోయి, ఆపైన ఇద్దరి చుట్టాలనీ ఒక చుట్టు చుట్టి వచ్చి, చివరికి మాటలే ఆగిపోయాయి. ఏడాదిన్నరగా మరదలు తను పనిచేసే స్కూల్లో ఇంకో టీచరమ్మ గదిలో ఉంటోంది. తమ్ముడు ఇంట్లో ఉన్నాడు. మంచం ఇప్పటికీ గది మధ్యలోనే ఉందని, రాత్రి లేస్తే కాలికి తగులుతోందని, వాడే ఒకసారి నోరుజారి చెప్పాడు. ఇద్దరిలో ఏ ఒక్కరు ముందు ఒక్కమాటన్నా సరిపోతుందని అందరికీ తెలుసు. ఆ ముందు ఎవరన్నదే తేలలేదు.

గురువారం తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, సోమవారం వస్తున్నాం. లాయరుగారితో మాట్లాడేశాను. అర్జీ నువ్వే టైపు చెయ్యాలి."

"ఒరేయ్, నేనా? నా చేత్తోనా?"

"నువ్వే. ఇంకో చోటికి వెళ్ళం."

"అది కూడా వస్తోందా?"

"తనకీ నీ దగ్గరికే రావాలని ఉందిట. మధ్యవర్తితో చెప్పించింది."

ఫోన్ పెట్టేశాక టైపక్క కాసేపు ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని ఆలోచించింది. ఊరివాళ్ళవి ముప్ఫై ఏడు నిలబెట్టిన మనిషి సొంత తమ్ముడి కాపురం నిలబెట్టలేదా? ఇద్దరూ తన దగ్గరికే వస్తామన్నారంటే, తన మాటమీద గురి ఉండబట్టే కదా? ఈసారి చెప్పే ఉపన్యాసం మామూలుగా ఉండకూడదు. మేనత్త సరిపోదు, తల్లినే దింపాలి. ఆ సమయంలో ఈ డబ్బా గరగరలాడకూడదు, తెర నల్లబడకూడదు, "అక్కా నీ మెషిన్" అని వాళ్ళ దృష్టి అటు మళ్ళకూడదు. ఇలా అనుకుని, శనివారం సాయంత్రం కంప్యూటర్‌ని సంచీలో పెట్టుకుని స్క్రూ మాస్టారి దగ్గరికి వెళ్ళింది.

స్క్రూ మాస్టారు దాని వెనక ఒకే ఒక స్క్రూ తిప్పి, మూతని పక్కకి జరిపి, లోపలికి తొంగి చూశాడు. దుమ్ము ఊదాడు. ఇద్దరూ దగ్గారు.

"మెదడు బాగానే ఉందక్కా. జ్ఞాపకం తిరగడం లేదు" అన్నాడు. అరచేతి వెడల్పున్న బరువైన డిస్కు ఒకటి ఊడదీసి చూపించాడు. "దీంట్లో ఒక పళ్ళెం తిరుగుతూ ఉంటుంది. దానిమీద ముల్లు అటూ ఇటూ పరిగెత్తి వెతుక్కోవాలి. దీనికి వయసైపోయింది, పాపం. ఏదడిగినా వెతికి తెచ్చేసరికి తల ప్రాణం తోకకొస్తోంది."

"మరి కొత్తదో?"

ఆయన సొరుగులోంచి పల్చటి నల్లటి బిళ్ళ ఒకటి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. టైపక్క అరచేతిలో ఎగరేసి బరువు చూసింది. "ఇంతేనా? లోపల ఏమైనా ఉందా అసలు?"

"ఎస్సెస్‌డీ అంటారు. తిరిగేదీ లేదు, వెతికేదీ లేదు. అడగడం ఆలస్యం, తెచ్చి ముందు పెడుతుంది."

"చప్పుడు?"

"చీమ చిటుక్కుమనదు."

ఆ మాటతో టైపక్క మనసు పూర్తిగా కరిగిపోయింది. పాతదాంట్లో ఉన్నదంతా కొత్తదాంట్లోకి దింపడానికి ఆ రాత్రీ, మర్నాడు మధ్యాహ్నం దాకా పట్టింది. పాతది సణుక్కుంటూ, మళ్ళీ మళ్ళీ అడిగించుకుంటూ ఇచ్చిందట. ఆదివారం ఆవిడ వెళ్ళేసరికి బిళ్ళ లోపలికి చేరింది, మూత పడింది, స్క్రూ బిగిసింది. మాస్టారు మీట నొక్కాడు. టైపక్క కూర్చుందామని కుర్చీ లాక్కుంది. కూర్చుని తలెత్తేసరికి తెరమీద ఆవిడ అర్జీల బొత్తి సిద్ధంగా ఉంది.

"పన్నెండు సెకన్లు" అన్నాడు మాస్టారు, తనే కనిపెట్టినంత గర్వంగా. "పాత డిస్కు ఇంటికి పట్టుకెళ్తారా?"

"అమ్మో! అందులో ఎన్ని సంసారాల గుట్టుందో తెలుసా? నా కళ్ళముందే నాశనం చెయ్యండి."

ఆయన డ్రిల్లు తీసి దానికి మూడు బెజ్జాలు పెట్టాడు. టైపక్క కళ్ళారా చూసి, తృప్తిగా ఇంటికి వెళ్ళింది.

సోమవారం పొద్దున్న మొదటి జంట దిగి వచ్చింది. ఇద్దరూ చిన్నవాళ్ళు, అతని చొక్కా గుండీ ఒకటి తప్పు బెజ్జంలో ఉంది. టైపక్క మీట నొక్కి, కుర్చీలో సర్దుక్కూర్చుని, గొంతు సవరించుకుంది.

"చూడు తల్లీ, సంసారమన్నాక..."

తెర వెలిగింది.

ముగ్గురూ దానికేసి చూశారు. అర్జీ నమూనా తెరుచుకుని, పేరు రాయాల్సిన చోట గీత మెరుస్తోంది. ఆ గీత ముందు మాట్లాడుతూ కూర్చోవడం, వడ్డించిన విస్తరి ముందు చేతులు కట్టుకుని కూర్చున్నట్టుంది. టైపక్క వేళ్ళు వాటంతటవే కదిలాయి. పాతికేళ్ళ అలవాటు, ఆగమంటే ఆగదు. "మీ పేరు? మీ పేరు? పెళ్ళి తేదీ?" అంతే. అచ్చు వెయ్యమనగానే ప్రింటర్ కూడా కొత్త కోడలిలా చెప్పిన పని చేసేసింది. పదకొండు నిమిషాలకి ఆ జంట సంతకాలతో సహా మెట్లు ఎక్కేసింది. ఎక్కేముందు ఆ అమ్మాయి ఒకసారి వెనక్కి తిరిగి, కంప్యూటర్ వైపు వింతగా చూసింది. టైపక్క అది మెచ్చుకోలనుకుంది.

పన్నెండయ్యేసరికి మూడు జంటలు పైకి వెళ్ళాయి. ఒక్కరూ టీ తాగి వస్తామనలేదు. టీ తాగేంత తీరికేదీ? లాయరు మెట్లమీంచి సగం వంగి, "ఇదీ పనంటే! ఒక్కపూటలో మూడు! మూడూ ఇప్పుడే కోర్టులో వేసేశాను" అని చేతులెత్తి దణ్ణం పెట్టాడు. ఈ పాతికేళ్ళలో ఆయన ఆవిడకి దణ్ణం పెట్టడం అదే మొదలు. టైపక్కకి మాత్రం ఎక్కడో పంటి కింద రాయి తగిలినట్టుంది. మూడు ఉపన్యాసాలు మొదటి వాక్యం దగ్గరే కడుపులో ఆగిపోయి ఉన్నాయి. సాయంత్రం నాలుగింటికి తమ్ముడు వస్తాడు. వాడికీ ఇదే గతా?

అన్నం డబ్బా మూత కూడా తియ్యకుండా స్క్రూ మాస్టారి దగ్గరికి పరిగెత్తింది.

"మాస్టారూ, కొంచెం నెమ్మది చెయ్యండి దాన్ని."

ఆయన చేతిలో పని పక్కన పెట్టాడు. "ఏమన్నారు?"

"మరీ అంత తొందరొద్దు. పాతలా కాకపోయినా, ఓ పదినిమిషాలు తీసుకునేలా చెయ్యండి చాలు."

"అక్కా, ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను. వేగం పెంచమని అడిగినవాళ్ళే గానీ, తగ్గించమన్నవాళ్ళు మీరొక్కరే. వేగం పెంచడానికి బిళ్ళలున్నాయి. తగ్గించడానికి ఏం పెట్టాలో నాకు తెలీదు."

"అయితే పాతదే పెట్టెయ్యండి."

మాస్టారు బల్లకింద చెత్తబుట్ట చూపించాడు. మూడు బెజ్జాల డిస్కు అందులోంచి ఆవిడనే చూస్తోంది.

"నెమ్మదిగా టైపు చెయ్యండి పోనీ" అన్నాడాయన జాలిపడి.

"నా చెయ్యి నా మాట వింటేగా!" అని ఆవిడ వచ్చేసింది.

సరిగ్గా నాలుగింటికి తమ్ముడూ, మరదలూ తల వంచుకుని లోపలికి వచ్చారు. ఇద్దరూ విడివిడిగా వచ్చినా గేటు దగ్గర కలిశారు కాబోలు, కలిసిన ఇబ్బంది ఇద్దరి ముఖాల్లోనూ ఉంది. వాడు చిక్కిపోయాడు. గెడ్డం ఒకవైపు సరిగ్గా గీసుకోలేదు. మరదలి చేతిలో సంచీలో వీక్లీ, నీళ్ళ సీసా, బిస్కెట్ ప్యాకెట్ ఉన్నాయి. రైలు ప్రయాణానికి బయల్దేరినట్టు వచ్చిందేమిటా అనుకుంది టైపక్క. తమ్ముడు కూడా, "ఆఫీసుకి సెలవు పెట్టేశానక్కా, ఎంతసేపైనా పర్లేదు" అంటూ కుర్చీలో స్థిరపడ్డాడు.

టైపక్క మీట నొక్కలేదు. ముందు ఉపన్యాసం, తర్వాతే మెషిన్ అని దారిలోనే తీర్మానించుకుని వచ్చింది.

"ఒరేయ్, అమ్మ పోయేముందు నాతో ఏమందో తెలుసా?"

"తెలుసక్కా. చాలాసార్లు చెప్పావు."

"అది కాదురా..."

"అక్కా, ముందు నువ్వు మెషిన్ పెట్టు" అన్నాడు తమ్ముడు. "అవును వదినా, అదయ్యేలోపు మాట్లాడుకోవచ్చు" అంది మరదలు. ఏడాదిన్నరలో ఆ ఇద్దరూ ఒక విషయంమీద ఏకమవడం అదే మొదటిసారి. దాని గురించి ఆవిడకి ఆలోచించే వ్యవధి లేకపోయింది. గుండె రాయి చేసుకుని మీట నొక్కింది.

మరదలు వీక్లీ తీసి ఒళ్ళో పెట్టుకుని, మొదటి పేజీ తిప్పింది. తమ్ముడు కాళ్ళు చాపి, వెనక్కి వాలాడు. ఆమె సీసా మూత తిప్పబోయింది. అది గట్టిగా ఉంది. వాడు అటు చూశాడు. చెయ్యి సగం చాపాడు కూడా.

తెర వెలిగింది.

చాపిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇద్దరూ తెరవైపు, తర్వాత టైపక్క వైపు చూశారు. గదిలో ఏ చప్పుడూ లేదు, ఆవిడ కోరుకున్నట్టే.

"ఇదేంటక్కా?" అన్నాడు వాడు.

"బాగుచేయించాను రా. నిన్ననే."

"ఓహో" అన్నాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మరదలు వీక్లీ మూసి సంచీలో పెట్టేసింది. నీళ్ళు తాగలేదు.

తర్వాత జరిగిందంతా పనే. పేర్లు అడగక్కర్లేదు, తేదీలు అడగక్కర్లేదు, అన్నీ ఆవిడకి నోటికొచ్చు. పెళ్ళితేదీ దగ్గర ఒకసారి తప్పు కొట్టి దిద్దుకుంది. మెషిన్‌కి మాత్రం బెంగా లేదు, మొహమాటమూ లేదు, కొట్టిందల్లా పుచ్చుకుంది. నాలుగు పేజీలు అచ్చయి బల్లమీదికి వచ్చాయి. ఏదన్నా తప్పుంటే బావుండునని ఆవిడ రెండుసార్లు చదివింది. మూడో పేజీ మూడుసార్లు చదివింది. జన్మలో ఎప్పుడూ రానంత శుభ్రంగా వచ్చింది.

తమ్ముడు కలం తీశాడు. మూత తీసి మరదలివైపు ఒక్క క్షణం చూశాడు. ఆమె కాగితంకేసి చూస్తోంది. వాడు సంతకం పెట్టి, కాగితాలు జరిపాడు. ఆమె సంతకంకేసి కాసేపు చూసి, తనూ పెట్టింది. "స్టాంపులు తెస్తాను" అని వాడు బయటికి వెళ్ళాడు. వెళ్తూ మెట్టుకి తల కొట్టుకున్నాడు. అబ్బా అనలేదు, ఆగలేదు.

మరదలు సంచీ భుజానికి తగిలించుకుని మళ్ళీ దించింది.

"ఏమే, ఒక్కమాటైనా అనకుండా పెట్టేశావా?" అంది టైపక్క.

"ఆయన పెట్టారుగా వదినా."

"నువ్వు ఆపితే పెట్టేవాడా?"

"ఆపడానికే వచ్చాను" అంది మరదలు. "అంటే, ఒక గంటో రెండు గంటలో కూర్చుంటాం కదా, ఏదో ఒక మాట వస్తుంది కదా అని వచ్చాను. ఎదురు షాపుకి వెళ్ళకుండా మీ దగ్గరికెందుకొచ్చాం అనుకున్నారు?"

"నా మాటమీద గురి ఉండి..."

మరదలు అంత ఏడుపులోనూ కాస్త నవ్వింది. "మీ మాట కాదు వదినా, మీ మెషిన్. ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు. నిజంగా విడిపోవాలనుకున్నవాళ్ళు ఎదురుగా వెళ్తారు. ఇంకా తేల్చుకోలేనివాళ్ళు మీ దగ్గరికొస్తారు. ఇక్కడైతే ఇద్దరూ పక్కపక్కన ఇరుక్కుని కూర్చోవాలి, పని ఎంతకీ కాదు, చివరికి ఎవరికో ఒకరికి నవ్వొస్తుంది అని."

ముప్ఫై ఏడు కాపురాలు ఒక్కొక్కటే టైపక్క మాటలోంచి లేచి, ఆ బెజ్జాల డిస్కు ఖాతాలోకి వెళ్ళిపోయాయి. అదైనా తట్టుకోగలిగేదేమో. అంతలోనే పొద్దుటి మూడు జంటలూ గుర్తొచ్చాయి. తప్పు బెజ్జంలో గుండీ పెట్టుకున్న ఆ కుర్రాడు, వెనక్కి తిరిగి చూసిన ఆ అమ్మాయి. వాళ్ళూ తేల్చుకోలేకే వచ్చారా? పన్నెండు సెకన్లలో తనే తేల్చేసి పంపించిందా?

"మరి వాడికీ ఈ సంగతి తెలుసా?" అంది చివరికి.

"నాకేం తెలుసు వదినా? ఆయన సెలవెందుకు పెట్టారో నేనడగలేదు."

తలుపు దగ్గర నీడ పడింది. తమ్ముడు స్టాంపులతో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు. నుదుటిమీద బొప్పి కట్టింది. వాడు బల్లమీది కాగితాల్ని చూశాడు, సంచీ పట్టుకుని కూర్చున్న భార్యని చూశాడు. వాడి కోపమంతా చివరికి అక్కమీదే పడింది.

"బాగుచేయిస్తున్నానని నాకొక్క ముక్క చెప్పకూడదా అక్కా?"

"చెప్తే ఏం చేసేవాడివిరా?"

"ఇంకెక్కడైనా నెమ్మదిగా చేసే షాపు వెతుక్కునేవాణ్ణి" అన్నాడు. అనేసి, తనన్నది తనకే వినబడ్డట్టు గోడవైపు తిరిగిపోయాడు.

మరదలు తలెత్తింది.

టైపక్క రెండువారాలకి సరిపడా కూడబెట్టుకున్న ఉపన్యాసం అప్పుడు చెప్పాల్సింది. మేనత్త, తల్లి, సర్దుబాటు, అన్నీ గొంతుదాకా వచ్చాయి. వాటినన్నిటినీ మింగేసింది. కాగితాలు తీసి తన చంకలో పెట్టుకుంది. తమ్ముణ్ణి భుజం పట్టి లోపలికి నెట్టి, ఖాళీ కుర్చీలో కూలేసి, తను బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది. తలుపుకి వీపు ఆనించి నిలబడింది. లోపల ఏమీ వినబడలేదు. వినాలనే చెవులు మాత్రం నిక్కబొడుచుకునే ఉన్నాయి.

మెట్లమీంచి లాయరు తల కనిపించింది.

"ఏమ్మా, మీవాళ్ళదేనా? అయిపోయిందా? కోర్టు ఇంకో అరగంటలో కట్టేస్తారు, తెచ్చెయ్."

టైపక్క చంకలో కాగితాలు ఇంకా గట్టిగా అదిమిపట్టుకుంది.

"కాలేదండీ" అంది. "మెషిన్ కదలడం లేదు."

"కొత్తగా బాగుచేయించావుగా! ఎంతసేపు పడుతుంది?"

"చెప్పలేనండీ" అంది టైపక్క, కళ్ళనీళ్ళు కారిపోతున్నా గొంతు తొణక్కుండా. "పాతదానికంటే ఎక్కువే పట్టేలా ఉంది."